పడిపోయింది ఏ కౌంట్?

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలవడం కంటికి కనిపిస్తుంది. మూడోదైన సరస్వతి అంతర్వాహిని అంటారు. మన నెత్తురులోనూ మూడు రకాల కణాలు కలిసి ప్రవహిస్తుంటాయి. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి. తెల్లకణాలు రోగక్రిములతో పోరాడతాయి. ప్లేట్‌లెట్లు రక్తస్రావాన్ని ఆపుతాయి. ఈ మూడూ పుట్టేది ఎముకల్లోని మూలుగలోనే.

'కౌంట్ పడిపోయింది' అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కానీ తగ్గింది ఏ కణం, ఎందుకు తగ్గింది అన్నది తేలితేనే అసలు వైద్యం మొదలయ్యేది!

ప్లేట్‌లెట్లు తగ్గితే...

ఇవి సాధారణంగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగీలో తగ్గడం మామూలే. చాలామందిలో వాటంతటవే పెరుగుతాయి. రక్తస్రావం లేకపోతే 10 వేల దాకా పడిపోయినా ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. బొప్పాయి ఆకు రసం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. అసలు గండం జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజుల్లోనే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోకూడదు.

ఎర్రకణాలు తగ్గితే...

హిమోగ్లోబిన్ మగవారిలో 13, ఆడవారిలో 12, గర్భిణుల్లో 11 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతే. ఐరన్ లోపమైతే మాత్రలతో సరిపోతుంది. వాటిని టీతో కలిపి వేసుకోవద్దు. హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే మానేయకుండా మరో మూడు నెలలు వాడాలి. గర్భిణులకు ఐరన్‌తోపాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం వెనక మన తెలుగువాడున్నాడు. దాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందమే.

గిరిజన కుటుంబాల్లో పిల్లలు తరచూ పాలిపోయి, ఒళ్లు నొప్పులంటుంటే సికిల్‌సెల్ పరీక్ష తప్పనిసరి. అది పుట్టుకతో వచ్చే జబ్బు. ఐరన్ మాత్రలతో నయం కాదు. హైడ్రాక్సీయూరియా వంటి మందులు వేరే ఉన్నాయి. దీని నిర్మూలనకు కేంద్రం 2023లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది.

తెల్లకణాలు తగ్గితే...

ఇవి సాధారణంగా 4 వేల నుంచి 11 వేలు. క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారిలో బాగా తగ్గుతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా 'పొద్దున చూద్దాంలే' అనుకోకూడదు. వెంటనే యాంటీబయాటిక్ పడాలి. అవసరమైతే కణాలను పెంచే ఇంజెక్షన్లు ఇస్తారు.

మూడూ ఒకేసారి తగ్గితే విటమిన్ బి12 లోపం కావచ్చు, మూలుగ జబ్బూ కావచ్చు. ఆలస్యం చేయకుండా రక్తవ్యాధుల నిపుణులకు చూపించాలి.

ఇదంతా చెప్పేది సీబీపీ అనే చిన్న రక్తపరీక్షే. ఒకప్పుడు ఈ ప్రాంతంవాళ్లకు పెద్ద జబ్బంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రే దిక్కు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. ఒక్కరోజు అంకె కన్నా అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం.