ఇంటి మీది వెలుగు ఎవరి కోసం?



క్రిస్మస్ దగ్గర పడుతోంది. మన ఎ.కొండూరు మండలములోని ఊళ్లలో, తండాలలో యౌవనస్థులు వెదురు బద్దలు చీల్చి నక్షత్రాలు కట్టే కాలమిది. సీరియల్ సెట్లు తిరువూరులోనో మైలవరములోనో కొని తెచ్చుకుంటాము. ఇంకా పెద్ద అలంకరణ కావాలంటే విజయవాడ బస్సు ఎక్కుతాము. అయితే ఈ మధ్య మా దగ్గరకు ఒక కొత్త ప్రశ్న వస్తోంది. "అయ్యగారూ, ఈసారి ఇంటి మీద స్ట్రోబ్ లైట్లు పెట్టాలనుకుంటున్నాము, ఎలాంటివి కొనమంటారు?" అని. పెళ్లి ఊరేగింపులో డీజే బండి మీద మెరుపు మెరిసినట్టు టపటప కొట్టుకునే తెల్లని లైటు మనమందరము చూసినదే. ఇప్పుడు అది ఇంటి గోడ మీదికి, మందిరము ముందున్న పందిరిలోకి రావాలని పిల్లల కోరిక.

ఈ విషయములో మా అభిప్రాయము ముందుగానే చెబుతాము. లైట్లు పెట్టండి, బాగా పెట్టండి. కాని అంగట్లో ఏది ఎక్కువగా మెరిసిందో చూసి లైటును ఎన్నుకోవద్దు. ఆ లైటు ముందుకు వచ్చి నిలబడేవారిలో అందరికంటె బలహీనుడు ఎవరో ఆలోచించి ఎన్నుకోండి.

మేము దీపాలంకరణకు వ్యతిరేకులము కాము. కరెంటు దీపాలతో క్రిస్మస్ చెట్టును అలంకరించడము నిన్న మొన్న పుట్టిన పని కాదు. 1882 డిసెంబరులో న్యూయార్క్ నగరములో ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన, ఎడిసన్‌తో కలిసి పనిచేసినవాడు, తన ఇంటిలోని చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలము రంగుల బల్బులు 80 కట్టి వెలిగించాడు. అప్పటికి మన పల్లెలలో ఆముదపు దీపమే గతి. పండుగనాడు ఇల్లు వెలగాలన్న కోరిక మంచిదే. దారిన పోయేవాడు తలెత్తి చూసి, ఈ ఇంటివారికి ఏదో శుభవార్త అందింది అనుకుంటాడు. మరి ఆ దారిన పోయేవాడి మేలు కూడా మనము చూడాలి కదా.

స్ట్రోబ్ లైటు మామూలు సీరియల్ సెట్టువంటిది కాదు. మామూలు బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. స్ట్రోబ్ లైటు చీకటిలో ఒక్క క్షణము కళ్లు మిరుమిట్లు గొలిపేంత వెలుగును వదిలి వెంటనే చీకటి చేస్తుంది, మళ్లీ వదులుతుంది. దాని వెనుక వేగము పెంచి తగ్గించే మీట ఒకటి ఉంటుంది. పిల్లల చేతికి అందితే ఆ మీట ఎటువైపు తిరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మూర్ఛ రోగము ఉన్నవారిలో కొందరి మెదడు ఇటువంటి మెరుపును తట్టుకోలేదు. మూర్ఛ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి ఈ ఇబ్బంది ఉంటుందని వైద్యులు చెబుతారు. పెద్దవారిలో కంటె పిల్లలలో, యౌవనస్థులలో ఇది ఎక్కువ. సెకనుకు 3 మొదలు 30 వరకు మెరిసే లైటు వారికి ప్రమాదకరము. వెలుగు కంటి ముందు ఎంత మేర నిండితే, చుట్టూ చీకటి ఎంత గాఢముగా ఉంటే ప్రమాదము అంత పెరుగుతుంది. ఎర్రని మెరుపు మరీ చెడ్డది.

ఇది భయపెట్టడానికి అల్లిన మాట కాదు. 1997 డిసెంబరు 16న జపాను దేశములో పోకెమాన్ అనే బొమ్మల కార్యక్రమము టీవీలో వచ్చింది. అందులో ఒకచోట ఎరుపు, నీలము రంగులు సెకనుకు సుమారు 12 సార్లు, కొన్ని క్షణాల పాటు మాత్రమే మెరిశాయి. ఆ సాయంత్రము 685 మందిని ఆసుపత్రులకు తీసుకొని వెళ్లారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. కొందరికి మూర్ఛ, కొందరికి తలనొప్పి, వాంతులు. మూర్ఛ వచ్చినవారిలో చాలామందికి అంతకుముందు ఎన్నడూ అది వచ్చి ఎరుగరు. అంటే తమ బిడ్డకు ఈ బలహీనత ఉన్నదని తల్లిదండ్రులకే తెలియదు. దేవుని కృప వలన ఎవరూ చనిపోలేదు.

"మన ఊళ్లో అలాంటివారు ఎవరున్నారు అయ్యగారూ?" అని మీరు అడగవచ్చు. మన దేశములో కోటి మందికి పైగా మూర్ఛ రోగులున్నారని అంచనా. అలాంటప్పుడు మన సంఘములో, మన వీధిలో ఎవరూ లేరని ఎలా అనగలము? ఉన్నారు. అయితే చెప్పరు. ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధము తప్పిపోతుందని, మగపిల్లవాడు అయితే బడిలో ఎగతాళి చేస్తారని దాచిపెడతారు. కొందరు గాలి సోకిందంటారు, కొందరు దయ్యము పట్టిందంటారు. మత్తయి సువార్త 4:24 చదవండి. ప్రభువునొద్దకు తెచ్చినవారిలో దయ్యము పట్టినవారిని, మూర్ఛ రోగులను వేరువేరుగా లెక్కపెట్టి రాశారు. మన తెలుగు బైబిలు అక్కడ చాంద్రరోగులు అనే మాట వాడింది. మార్కు 9వ అధ్యాయములోని బాలుని విషయములో ప్రభువు అపవిత్రాత్మను గద్దించాడన్నది సత్యమే. దానిని పట్టుకొని మాత్రలు వేసుకునే ప్రతి బిడ్డకూ దయ్యము పట్టిందని చెప్పే అధికారము మనకెవరికీ లేదు. బిడ్డ కోసము ప్రార్థన చేయండి, మాత్రలు మాత్రము మాన్పించకండి.

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమార్తె ఫిట్స్ మాత్రలు వాడుతోంది. పందిరిలో మెరుపు లైటు మొదలైతే చాలు, ఆమె కొంగుతో ఆ పిల్ల కళ్లు కప్పి వెనుక దారిన ఇంటికి తీసుకొని వెళ్లిపోతుంది. ఎవరితోనూ గొడవ పడదు, లైటు ఆపమని కూడా అడగదు. అడిగితే కారణము చెప్పాలి గదా! తోటి పిల్లలు నాటిక వేస్తుంటే, కేకు ముక్కలు పంచుతుంటే ఆ పిల్ల ఇంటిలో కూర్చుంటుంది. బేతేలహేములో సత్రములో స్థలము దొరకలేదని ప్రతి సంవత్సరము ప్రసంగము చేస్తాము. మన పందిరిలో ఒక బిడ్డకు స్థలము లేకుండా చేసేది ఒక లైటు అయితే, ఆ ప్రసంగానికి అర్థమేమిటి?

కొందరు సహోదరులు లేఖనము చూపించి వాదిస్తారు. గొర్రెల కాపరుల చుట్టూ ప్రభువు మహిమ ప్రకాశించలేదా, క్రిస్మస్ అంటేనే గొప్ప వెలుగు కాదా అంటారు. నిజమే. లూకా 2వ అధ్యాయము ఇంకొంచెము ముందుకు చదవండి. ఆ వెలుగుకు కాపరులు మిక్కిలి భయపడ్డారు. దూత వారికి చెప్పిన మొదటి సంగతి భయపడవద్దని. వార్త ఆ తరువాతనే చెప్పాడు. పరలోకము నుండి వచ్చినవాడే ఎదుటివారి భయము సంగతి ముందు చూశాడు. మనము కొన్న లైటుకు ఆ మాత్రము మర్యాద ఉండనక్కరలేదా?

ఇంకొందరు, "ఒక్కరి కోసము అందరి సంతోషము పోగొట్టుకోవాలా?" అంటారు. తాను తినేది సహోదరునికి అభ్యంతరమైతే దానిని ఎన్నటికీ ముట్టనని పౌలు భక్తుడు 1 కొరింథీయులకు 8వ అధ్యాయములో తేల్చి చెప్పాడు. ఆయన వదులుకోవడానికి సిద్ధపడినది భోజనము. మనము వదులుకునేది లైటు మీద ఒక మీట. పైగా సంతోషము ఎక్కడికీ పోదు. నిలకడగా వెలిగే దీపాల వరుస ఇంటికి ఎంత అందము ఇస్తుందో ఒక రాత్రి వెలిగించి చూడండి.

ఇక కొనేవారికి మా సలహా. ఇంటికైనా పందిరికైనా డీజే స్ట్రోబ్ లైటు వద్దు. దాని బదులు నిలకడగా వెలిగే సెట్లు, నక్షత్రాలు తీసుకోండి. మెరుపు కావాలని పిల్లలు పట్టుబడితే, ఒక్కొక్క చిన్న బల్బు అక్కడక్కడ నిదానముగా మెరిసేవి తీసుకొని ఎత్తుగా, దూరముగా కట్టండి. కొనేముందు అంగట్లోనే వెలిగించమని అడిగి 10 సెకన్లు లెక్కపెట్టండి. మెరుపులు 20 దాటితే వద్దని చెప్పండి. నోటితో లెక్కపెట్టలేనంత వేగముంటే లెక్కతో పనే లేదు, తిరిగి ఇచ్చేయండి. ఒకేచోట రెండు మూడు మెరుపు లైట్లు పెట్టవద్దు. సెకనుకు రెండుసార్లు మెరిసే లైట్లు నాలుగు కలిస్తే చూసేవాడి కంటికి ఎనిమిది మెరుపులు కావచ్చు. చీకటిలో మెరుపు ఒక్కటే ఉండకుండా పక్కన మామూలు దీపము వెలుగుతూ ఉండాలి.

సీరియల్ సెట్టు డబ్బా మీద ఒక బొత్తాము ఉంటుంది. చాలా సెట్లలో ఎనిమిది రకాల ఆటలు ఉంటాయి, వాటిలో ఒకటి ఆడకుండా నిలకడగా వెలిగేది. దానిలో పెట్టండి. అయితే కొన్ని సెట్లు కరెంటు పోయి రాగానే మళ్లీ మొదటి ఆటకు వెళ్లిపోతాయి. మన పల్లెలలో కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. కాబట్టి కరెంటు వచ్చినప్పుడెల్లా ఒకరు వెళ్లి చూడాలి.

లైటు ఎటువైపు చూస్తున్నదో కూడా గమనించండి. రోడ్డు వైపు తిప్పవద్దు. రాత్రివేళ బైకు మీద వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎరుపు, నీలము మెరిస్తే పోలీసు బండో, 108 బండో అనుకొని తికమకపడతాడు. పొరుగింటి కిటికీ వైపు కూడా తిప్పవద్దు. మన మండలములో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలుగుతున్నాయో మనకు తెలుసు. డయాలసిస్ చేయించుకొని అలసిపోయి వచ్చి పడుకున్న మనిషి గోడ మీద మన పండుగ రాత్రంతా మెరుస్తూ ఉంటే, అది ఆయనకు శుభవార్త ఎలా అవుతుంది? పది గంటలకు ఆపివేయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. నిద్ర లేకపోవడము, మాత్ర మరచిపోవడము మూర్ఛను పిలుస్తాయి. 24వ తేదీ రాత్రి ఈ రెండూ సులభముగా జరిగేవే. దానికి మెరుపు కూడా తోడైతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. మాత్ర వేళకు వేయండి, బిడ్డను పగలు కాసేపు పడుకోబెట్టండి. అనుకోకుండా మెరుపు ఎదురైతే, కళ్లు మూసుకోవడము కంటె ఒక కంటిని అరచేతితో పూర్తిగా కప్పి పక్కకు తిరగడము మేలు. ఎవరికైనా ఫిట్స్ వస్తే లైటు ఆపండి. చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టవద్దు. నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు, గట్టిగా అదిమి పట్టవద్దు. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి, కొట్టుకోవడము తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా 108కి ఫోను చేయండి.

తూర్పు దేశపు జ్ఞానులు చూసిన నక్షత్రము వారికి ముందుగా నడిచి, శిశువు ఉన్న చోటికి వచ్చి నిలిచిందని మత్తయి సువార్త చెబుతోంది. ఆ వెలుగు పని మనుష్యులను ప్రభువు దగ్గరకు తీసుకొని రావడము. మన ఇంటి మీది వెలుగు ఒక తల్లిని, ఒక బిడ్డను వెనుక దారిన పంపివేసేదిగా ఉండకూడదు. ఈ సంవత్సరము లైట్లు కట్టేముందు మీ వీధిలో ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నదో మెల్లగా, మర్యాదగా కనుక్కోండి. చెప్పినవారి మాట మీ దగ్గరనే ఉంచుకొని, దానికి తగినట్టు దీపము వెలిగించండి.

ప్రభువు మీ గృహములను తన సమాధానముతో నింపి, మీ దీపములను అనేకులకు దారి చూపువాటిగా చేయును గాక. ఆమేన్.