స్క్రూ తిప్పితే రోగం తగ్గదు

పాత కారు తాళం తిప్పగానే ఇంజన్ హోరుమంటే చాలాచోట్ల మొదట స్క్రూడ్రైవర్ తీసి ఐడిల్ స్క్రూ తిప్పేస్తారు. ఈ అలవాటు మానుకోవాలి. చల్లటి ఇంజన్ కాసేపు 1200–1500 ఆర్‌పీఎం దగ్గర తిరగడం సహజమే, వేడెక్కాక 800–900కి దిగాలి. తాళం తిప్పీ తిప్పగానే మూడు వేలు దాటి అక్కడే నిలిచిందంటే మాత్రం, గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి పోతోందేమో చూడాలి. ఏళ్ల తరబడి వేడికి మాడిన వాక్యూమ్ గొట్టాలు బీటలు వారతాయి, మానిఫోల్డ్ గ్యాస్కెట్ వదులవుతుంది. చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఎంపీఎఫ్ఐ) బండ్లలో ఆ అదనపు గాలికి తగ్గట్టు కంప్యూటర్ పెట్రోలు కూడా పెంచుతుంది. మసిపట్టి ఇరుక్కున్న ఐడిల్ వాల్వ్, వెనక్కి రాని యాక్సిలరేటర్ కేబుల్, కార్బురేటర్ బండైతే చోక్ కూడా చూడాల్సినవే. ఇవేవీ చూడకుండా స్క్రూ తిప్పేస్తే మోత తగ్గొచ్చు, కానీ తర్వాత సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవచ్చు. తాళం తిప్పగానే గేరులో ఉన్న బండి హోరుమని దూకితే ముందున్న మనిషికే ప్రమాదం. అందుకే తాళం తిప్పే ముందు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ చూసుకోండి. మోత ఆగకపోతే వెంటనే ఇంజన్ ఆపేయండి.