కష్టము వేఱు, సాధన వేఱు

గత సంవత్సరము మా తరగతి బాలికలను గూడ బాలురతో సమానముగ వ్యాయామమునకు నిలుపవలెనని మేము పూనుకొనినప్పుడు, భద్రాచలము దారిలోని యొక పల్లెనుండి వచ్చిన తండ్రి యొకరు మమ్ము చూచి, “పంతులుగారూ, మా పిల్ల వేకువనే లేచి నీళ్లు మోయును. సెలవులలో మిరపకోతకు వచ్చును. వేసవిలో తల్లితోకూడ తునికాకు కోయును. దానికి బడిలో మరల బరువులెత్తుట నేర్పనేల?” యని యడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. మేమప్పుడు తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ తండ్రికి మా యాలస్యపు ప్రత్యుత్తరము.

బలమెట్లు కలుగునో మొదట విచారింతము. కండరమునకు దాని యలవాటును కొంచెము మించిన పని యిచ్చినచో, అది యా పనికి తగినట్లు తన్ను తాను బలపరచుకొనును. అయితే ఈ బలపడుట పని చేయుచున్న గడియలో జరుగదు. పని ముగిసిన పిమ్మట, తిండియు విశ్రాంతియు దొరకినప్పుడే జరుగును. కావున దేహబలమను ముక్కాలిపీటకు మూడు కాళ్లు గలవు: కొలతగల బరువు, చాలినంత తిండి, చాలినంత నిద్ర. ఒక కాలు పొట్టియైనను పీట నిలువదు.

మన పల్లెటూరి బాలికను చూడుడు. ఆమె మోయు బిందెకు కొలత లేదు, ఇంటి యవసరమే కొలత. ఇంటిలో అందరికంటె ముందు లేచును, అందరికంటె వెనుక తినును. బరువు అధికము, తిండి స్వల్పము, నిద్ర కొఱత. ఇట్టి శ్రమ దేహమును అరగదీయును. కొలతతో చేసి, తిని, విశ్రమించిన శ్రమయే దేహమును కట్టును. మొదటిదానికి కష్టమని పేరు, రెండవదానికి సాధనయని పేరు. ఆ తండ్రిగారి కుమార్తెకు కష్టము కావలసినంత యున్నది. సాధన యెన్నడును దొరకలేదు.

ఈ విషయమున మా తప్పును గూడ ఒప్పుకొనవలెను. ఉదయ ప్రార్థనవేళ వరుసలో నిలిచిన బాలికలు కన్నులు తిరిగి కూలుట మేము పలుమారులు చూచితిమి. అది సుకుమారత యనుకొంటిమి. వ్యాయామపు గంటలో వారిని వేపచెట్టు నీడను కూర్చుండబెట్టి, చేతికి కుట్టుపని యిచ్చి, అదియే దయ యని తలచితిమి. అది దయ కాదు, ఉపేక్ష. వారికి కావలసినది నీడ కాదు, నెత్తురు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన లెక్క మరియు ఆలోచింపదగినది. 13 మొదలు 15 ఏండ్ల బాలునికి దినమునకు 22 మిల్లీగ్రాముల యినుము కావలసియుండగా, అదే యీడు బాలికకు 30 మిల్లీగ్రాములు కావలెను. ఎవరికి ఎక్కువ కావలెనో వారికే మనము కడపట, కుండ అడుగున మిగిలినది వడ్డించుచున్నాము.

తిండి యనగానే ధనము కావలెనని భయపడ నక్కరలేదు. మన పూర్వులు తినిన జొన్నలు, సజ్జలు, రాగులు, కొఱ్ఱలు ఇప్పటికిని ఈ యడవి యంచున పండుచునే యున్నవి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము గలదు. అది యెముకకు బలము. బియ్యములో అందు పదవ వంతైనను లేదు. కండ పెరుగుటకు మాంసకృత్తులు కావలెను. పైన చెప్పిన యీడు బాలికకు దినమునకు సుమారు 43 గ్రాములు చాలును. అన్నముతోపాటు రెండు జొన్నరొట్టెలు, రెండు పూటల గట్టిపప్పు, ఒక గ్రుడ్డు, పిడికెడు వేరుసెనగలు ఉన్నచో ఆ లెక్క నిండును. ఇనుమునకు తోటకూర, మునగాకు, సజ్జలు, దొరకిన దినమున కార్జము మేలు. వానితో నిమ్మరసమో, ఉసిరికయో, జామపండో చేర్చినచో ఆకుకూరలోని యినుము ఒంటికి బాగుగ పట్టును. భోజనముతో తేనీరు త్రాగుట దానికి అడ్డము. ఇప్పపూవు తియ్యనిది, శక్తినిచ్చునది. కాని పప్పునకు బదులు కాదు.

ఇచ్చట బాలురకొక మాట. ఖమ్మము, కొత్తగూడెము అంగళ్లలో కండలు పెంచు పొడిడబ్బాలు అమ్ముచున్నారు. తండ్రి కూలిడబ్బుతో అట్టి డబ్బా కొనిన విద్యార్థులను మేమెరుగుదుము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు, కండలకొరకు ఇట్టి పొడులను వాడవలదని హెచ్చరించుచున్నవి. ఆ డబ్బా వెలతో ఇంటిల్లిపాదికి పప్పును, గ్రుడ్లును చాల దినములు వచ్చును. అన్నకు డబ్బా, చెల్లెలికి గంజి యను న్యాయమును ఏ వేదమును బోధింపదు.

ఇక సాధన విధానము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, 5 మొదలు 17 ఏండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు చురుకుగ దేహమును కదల్పవలెననియు, వారమునకు మూడు దినములైనను కండరములను, ఎముకలను బలపరచు పని చేయవలెననియు చెప్పెను. దానికి ఇనుపగుండ్లు అక్కరలేదు. బస్కీలు, గోడకు చేతులానించి తీయు దండీలు, గట్టి కొమ్మను పట్టి వ్రేలాడుట, ఇసుక నింపిన సంచిని మోయుట చాలును. పండ్రెండు మారులు సులువుగ చేయగలిగిన పిమ్మటనే కొంచెము పెంచవలెను. నేడు చేసినచో రేపు విశ్రమింపవలెను. నేలనుండి బరువెత్తునపుడు నడుము వంచక మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగ నుంచి, ఊపిరి బిగబట్టక లేవవలెను. నొప్పి కలిగినచోట ఆపవలెను. రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ నిద్రింపవలెను. బరువెత్తిన పిల్లలు పొట్టివారగుదురను మాట నిజము కాదు. పెద్దల కనుసన్నలలో, పద్ధతిగ చేసినచో హాని లేదు.

ఆడుపిల్లలకు ఇది తగునా యని శంకించువారు మన తెలుగు ఆడుబిడ్డలనే చూడవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోలెత్తి కంచు పతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళ యయ్యెను. అది దూరపు మాట యందురా? మన భద్రాచలముననే జన్మించిన గొంగడి త్రిష 2025లో మలేసియాలో జరిగిన పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పు క్రికెట్టులో 309 పరుగులు తీసి, 7 వికెట్లు పడగొట్టి, ఆ పోటీలన్నిటికి ఉత్తమ క్రీడాకారిణిగ నెన్నికయ్యెను. ఆమె త్రాగినదియు ఈ గోదావరి నీళ్లే.

దేహసాధనవలని లాభము కొంచెమేయని పౌలు తిమోతికి వ్రాసెను గదా యని మా సంఘపు పెద్దలు కొందరందురు. నిజమే. భక్తి దానికంటె గొప్పదని ఆయన యభిప్రాయము. కాని కొంచెమన్నాడే గాని శూన్యమనలేదు. ఏలీయా ప్రవక్త ఎడారిలో అలసి, ప్రాణముపై విసిగి, చెట్టుక్రింద పడియున్నపుడు దేవదూత ఆయనకు ప్రసంగము చేయలేదు. తట్టి లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను, మరల తినుమనెను. ఆ బలముచేత ఆయన నలువది దినములు నడచి హోరేబు చేరెను. సేవకుని దూరప్రయాణమునకు దేవుడు చేసిన మొదటి యేర్పాటు తిండియు నిద్రయు.

కావున తలిదండ్రులారా, మేము మిమ్ము కోరునవి రెండే. రాత్రి భోజనమునకు మీ కుమార్తెను ఆమె అన్నదమ్ముల ప్రక్కనే కూర్చుండబెట్టి, అదే కుండ పైభాగమునుండి, అదే గరిటెతో వడ్డింపుడు. వేకువ బిందెలలో సగము ఆమె తమ్ముని భుజమునకు మార్చుడు. తక్కినది బడిలో మేము చూచుకొందుము. వేపచెట్టు నీడలో ఇక కుట్టుపని సాగదు.