నోటీసు కంపెనీకి, దిగులు ఉద్యోగికి

నోయిడా సెక్టార్ 62లో ఓ తెలుగు ఇంజినీరు జేఎన్‌టీయూ మార్కుల మెమోలన్నీ వెతికి స్కాన్ చేస్తున్నాడు. అతని హెచ్‌1బీ కేసులో అమెరికా మరిన్ని ఆధారాలు అడిగింది మరి. చిత్రమేమిటంటే, ఆర్‌ఎఫ్‌ఈ అనే ఆ నోటీసు అతని పేరిట రాదు. పిటిషన్ వేసింది కంపెనీ, జవాబు చెప్పాల్సిందీ అదే.

2019 ఆర్థిక సంవత్సరంలో తేల్చిన హెచ్‌1బీ కేసుల్లో దాదాపు 40 శాతానికి ఈ నోటీసు తగిలింది. గడువు మహా అయితే 84 రోజులు, పొడిగింపు లేదు, కాగితాలన్నీ ఒకేసారి ఇవ్వాలి. అధికారి తరచూ అడిగేది డిగ్రీ ఉందా అని కాదు, ఈ పనికి ఆ డిగ్రీయే ఎందుకని. మెమోల కట్ట ఎంత లావున్నా దానికి బదులివ్వదు. రోజూ ఏ కోడ్ రాయాలి, ఏ లోపం సరిచేయాలి, అందులో ఏ చదువు అక్కరకొస్తుంది అని విడమరిచే ఉత్తరమే ఇస్తుంది. ఆ వివరం ప్రాజెక్టును నోయిడా నుంచే మోస్తున్న ఉద్యోగికి తెలుసు. ఉత్తరం రాసేది మాత్రం లాయరు, సంతకం మేనేజరుది.

కంపెనీలు నోటీసు నకలు ఉద్యోగికి ఇవ్వాలి. జవాబు పంపేముందు అతని చేత చదివించాలి.