చెల్లించగలవాడను

ప్రామిసరీ నోటు ఒకటి తీసి చదవండి. ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినం మీ వద్ద అప్పుగా పుచ్చుకున్న రొక్కం’ అంటూ సాగి, ‘మీరు కోరినప్పుడు మీకు గాని మీ అనుమతి పొందినవారికి గాని అసలు, వడ్డీ చెల్లించగలవాడను’ అని ముగుస్తుంది. అప్పు పుచ్చుకున్నది కౌలురైతు కావచ్చు, తోపుడుబండి మనిషి కావచ్చు. మాట ఇచ్చిందీ, వేలిముద్ర వేసిందీ తనే. కాని ఆ వాక్యం మాత్రం తన నోట పుట్టింది కాదు. సర్కారీ తెలుగులో ‘చెల్లించగలవాడను’ అంటే ఇస్తానని హామీ. మనం మాట్లాడే తెలుగులో ‘గల’ అంటే శక్తి. ఆ లెక్కన, అడగ్గానే తీర్చే స్తోమత ఉన్నవాణ్నని ఆ మనిషి రాసిచ్చినట్టు. స్తోమతే ఉంటే అప్పుకెందుకు వెళ్తాడు?

వాడుక భాష ఎప్పుడో గెలిచిందనుకుంటున్నాం. గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి మరీ ఆయన చేసిన వాదన ఫలితం ఇవాళ్టి వార్తల్లో, కథల్లో కనిపిస్తూనే ఉంది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తెచ్చింది. దస్తావేజుల దగ్గరికి, అర్జీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గెలుపు గుమ్మం బయటే ఆగిపోయింది. రాసేవాళ్ల వాడుక చెల్లుబాటైంది, రాయించుకునేవాళ్ల వాడుక కాలేదు.

చట్టానికి కచ్చితత్వం కావాలి, అందుకే ఆ మాటలు కష్టంగా ఉంటాయని ఒక సమాధానం. మాటలతో జనానికి పేచీ ఎప్పుడూ లేదు. తనఖా, జప్తు, వకాల్తా, వాయిదా అన్నీ బయటినుంచి వచ్చినవే. ఇలా తెలుగులో కలిసిన పరాయి మాటలకు సి.పి. బ్రౌన్ 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు. కేసు వాయిదా పడిందని చెప్పడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు. పొలం లెక్కను ఆంధ్రలో అడంగల్ అన్నా, తెలంగాణలో పహాణీ అన్నా రైతు తడుముకోడు. అడ్డం పడుతున్నది మాట కాదు, వాక్యం. ‘మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి 12 రోజులైంది, వరి ఎండిపోతోంది’ అని గుక్క తిప్పుకోకుండా చెప్పగల మనిషి, అర్జీ రాసిపెట్టేవాడికి డబ్బిచ్చి ‘తమరికి విన్నవించుకొనునది ఏమనగా’ అని రాయించుకుంటాడు. చివర్న ‘కావున తమరు దయతలచి’ వచ్చి కూర్చుంటుంది. హక్కుగా అడగాల్సింది కాస్తా ముష్టి అవుతుంది. ఇక కచ్చితత్వం అంటారా, అది ఎవరు, ఎంత, ఎప్పుడు అన్న వివరాల్లో ఉంటుంది. ‘గలవాడను’లో ఎంత ఉందో చూశాం.

మరి ఏ జిల్లా వాడుకలో రాయాలన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజం లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం సేద్యపు పదాలను ఊరూరా సేకరించింది. ఒకే పనిముట్టుకు ప్రాంతానికో పేరని అది చూస్తే తెలుస్తుంది. అయితే అర్జీ అందుకునే అధికారి ఉండేది ఆ ప్రాంతంలోనే. అక్కడి మాట నేర్చుకోవాల్సింది జీతం పుచ్చుకునేవాడు గాని, పంట పోగొట్టుకున్నవాడు కాదు. అచ్చు ఫారాలకైతే ఆ చిక్కూ లేదు. ‘మీరు అడిగినప్పుడు అసలూ వడ్డీ కలిపి ఇస్తాను’ అని రాస్తే శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ అర్థం ఒక్కటే. వేలిముద్ర వేయించుకోవాల్సింది ఆ వాక్యం కింద.