రాష్ట్రానికొక్క అమరిక – మన నోటికి తాళం

కంప్యూటరులో తెలుగు కుదరదనే అధికారుల మాటను నేను అంగీకరించను. కామాఠిపుర చాళ్లలో పెరిగి, క్లౌడ్ సాఫ్ట్‌వేరు పనితో పొట్టపోసుకుంటున్నవాణ్ణి గనుక ఆ మాటలోని డొల్లతనం నాకు తెలుసు.

కామాఠిపుర అన్న పేరే మన కూలీల పేరు. 18వ శతాబ్ది చివరినుండి తెలుగు నేల విడిచి వెళ్లి, ముంబయి కట్టడాలకు రాళ్లెత్తిన కామాఠీలు అక్కడ స్థిరపడ్డారు. ఆ తరువాత మన నేతపనివారు బట్టల మిల్లులకు చేరారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడిపింది. అటువంటి నగరంలో నేను చూచిన ఒక ఫిర్యాదుల యాప్‌లో తెలుగు మచ్చుకైనా లేదు. నీళ్లు రావడం లేదని చెప్పుకోవడానికి మా చాళ్లలోని వృద్ధురాలు పొరుగువారిని బతిమాలుకోవలసిందేనా?

లోపం యంత్రంలో లేదు, అమరికలో ఉంది. క్లౌడ్ సేవలను వాడుకొనేందుకు ప్రోగ్రామర్లకు ఇచ్చే పనిముట్ల సంపుటిని ఎస్‌డీకే అంటారు. కొన్ని ఎస్‌డీకేలలో గ్లోబల్ అమరిక ఒకటి ఉంటుంది. ప్రాంతం వంటి వివరాన్ని ఒక్కచోట రాస్తే ప్రోగ్రాం అంతటికీ అదే వర్తిస్తుంది. యాప్‌లలో భాషను కూడా తరచు ఇలాగే ఒక్కచోట బిగిస్తారు. మహారాష్ట్ర అనగానే మరాఠీ, అంతే!

అయితే అమెజాన్ జావాస్క్రిప్ట్ ఎస్‌డీకే రెండవ రూపంలో సైతం, గ్లోబల్ అమరికను కాదని ఒక్కొక్క సేవకు వేరే విలువ ఇచ్చే వీలుండేది. 2020లో స్థిరరూపంలో వచ్చిన మూడవ రూపం ఆ గ్లోబల్ అమరికనే తొలగించి, ఎవరి అమరిక వారికే ఇచ్చింది. పనిముట్టు చేసినవారే వదిలిన పద్ధతిని ప్రభుత్వాలు ఎందుకు పట్టుకు వేలాడాలి? తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. ఇక సాకులెందుకు?

మరో సంగతి గమనించాలి. ఆ రెండవ రూపంలో గ్లోబల్ అమరికను తరువాత మార్చినా, అప్పటికే తయారైన సేవలకు ఆ మార్పు అందేది కాదు. భాష విషయమూ అంతే. యాప్ కట్టిన తరువాత మొరపెట్టుకొంటే ప్రయోజనం స్వల్పం. టెండరు పత్రంలోనే తెలుగును రాయించాలి.

ఇది దయాభిక్ష కాదు. యూనియన్‌లో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు చేసుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. 1956లో చేర్చిన 350ఎ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించేందుకు కృషి చేయవలసిన బాధ్యతను రాష్ట్రాలతోపాటు స్థానిక సంస్థలపైనా ఉంచింది.

మరాఠీపై మనకు ద్వేషం లేదు. మరాఠీ ఉండాలి, పక్కన తెలుగూ ఉండాలి. హోసూరు, బళ్లారి, సిరోంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలారా! రాష్ట్రం పేరునుబట్టి భాషను బిగించే ఆ అమరిక మీ ఇంటికీ వస్తుంది. మీ విన్నపాలు తెలుగులోనే రాయండి, రశీదు అడిగి తీసుకోండి. కొత్త యాప్ తలపెట్టారని తెలిసిన నాడే, అది పూర్తికాకముందే, “మా భాష ఏది?” అని నిలదీయండి.