పాత కంప్యూటర్లపై కొత్త విండోస్ భారం
నెట్ సెంటర్ల వద్ద తప్పని నిరీక్షణ: లోపం ఎక్కడ?

అమలాపురం: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే ఉచిత రక్షణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానితో గోదావరి జిల్లాల్లోని నెట్ సెంటర్లు, జిరాక్సు షాపులు, చిన్న ఆఫీసులవారు విండోస్ 11కు మారవలసిన పరిస్థితి ఏర్పడింది. అయితే మారిన తరువాత యంత్రం నత్తనడక నడిస్తే ఆ భారం షాపు యజమానితో ఆగడం లేదు. అడంగల్ నకలు కోసం లంక గ్రామం నుంచి వచ్చిన రైతుకు, ఆఖరి రోజున దరఖాస్తు పెట్టే విద్యార్థికి ఒక పూట పోతే బస్సు ఛార్జీ, ఆనాటి కూలి రెండూ దండగే.

అర్హత వేరు, సత్తువ వేరు

2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉంటే చాలునని కంపెనీ నిర్ణయించింది. ఇంటెల్ ప్రాసెసరైతే 2017లో వచ్చిన ఎనిమిదో తరం నుంచి అర్హత ఉన్నది. ఆ రోజుల్లో కొన్న యంత్రాలు అనేకం 4 జీబీ ర్యామ్‌తో, లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్కుతో వచ్చినవే. అవి పరీక్ష నెగ్గుతాయి గాని పని లాగలేవు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కునే ఆసరా చేసుకుంటుంది. హార్డ్ డిస్కు చిన్న చిన్న పనులు సెకనుకు నూరు ప్రాంతంలోనే చేయగలదు. ఎస్ఎస్‌డీ వేలల్లో చేస్తుంది.

ముందు చూడవలసినవి

పొలం చివరకు నీరందకపోతే ధవళేశ్వరంలో నీరు లేదా, కాలువ పూడిందా, తూముకు చెత్త అడ్డుపడిందా అని రైతు వరుసగా చూస్తాడు. ఇక్కడా అంతే. అదే నెట్‌పై సెల్‌ఫోనులోనూ వెబ్‌సైటు కదలకపోతే తప్పు సర్వరుదో, లైనుదో కావాలి. ఫోనులో బాగా వచ్చి కంప్యూటరులో రాకపోతే, లేదా నెట్ అక్కరలేని ఫైలు సైతం ఆలస్యంగా తెరుచుకుంటే, తప్పు యంత్రంలో ఉన్నట్లే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకుండానే డిస్కు నూటికి నూరు చూపుతుంటే ఆటంకం అక్కడే. మార్పు జరిగిన మొదటి ఒకటి రెండు రోజులు విండోస్ ఫైళ్ల సూచిక తయారుచేసుకుంటూ, అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. కనుక ఒక రాత్రి యంత్రాన్ని ఆన్‌లో ఉంచి చూడడం మంచిది. అప్పటికీ తగ్గకపోతే యంత్రంతోపాటే మొదలయ్యే ప్రోగ్రాములను ఆపాలి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసివేయాలి. సి డ్రైవ్‌లో ఖాళీ ఉన్నదీ లేనిదీ చూడాలి. ప్రింటరు, వేలిముద్ర యంత్రాలకు తయారీదారుల కొత్త డ్రైవర్లు వేయాలి.

ఖర్చు చివరిమాట

ఇవన్నీ చూశాక డిస్కే కారణమని తేలితే హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ, వీలైతే 8 జీబీ ర్యామ్ వేయించడం కొత్త కంప్యూటరు కొనడంకంటె చవక. పాత విండోస్‌కు తిరిగి వెళ్లే అవకాశం మామూలుగా 10 రోజులే ఉంటుంది. ఆలోగా డిస్కు శుభ్రం చేస్తున్నామని పాత విండోస్ ఫైళ్లు తీసివేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

దరఖాస్తుల రద్దీ రోజుల్లో గాక సెలవుల్లో, ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట భద్రపరచుకున్నాకే ఈ మార్పు చేపట్టడం అవసరం. తమ యంత్రం లోపాన్ని సర్వరుపైకి నెట్టి, దూరాల నుంచి వచ్చినవారిని రేపు రమ్మనడం మాత్రం న్యాయం కాదు.